డోర్నకల్ పెరుగు, తొర్రూరు గిన్నె

నేను కోతలరాయుణ్ని. ఈ మాట మా ఇంటామె సుగుణ పెండ్లయిన పదకొండో రోజున తేల్చి చెప్పింది. ఇరవై ఏడేండ్లయినా ఆ తీర్పు మార్చలేదు. దోమ కుడితే పిట్ట పొడిచిందని చెప్త. చినుకు పడితే చెరువు తెగిందని చెప్త. తప్పు నాది కాదు, నా కొలువుది. కేసముద్రం మార్కెట్ యార్డులో ధాన్యం తూచే ధర్మకాంట దగ్గర ఇరవై ఆరేండ్ల సంది గుమాస్తాను. రోజూ వరంగల్ నుంచి పొద్దుగాల రైలెక్కి పోత, మాపటికి వస్త. కాంట మీద ఒక్క గ్రాము పెంచలేదు, ఒక్క గ్రాము తగ్గించలేదు. పొద్దంతా అంత నిక్కచ్చిగ ఉన్న నాలుకకు సాయంత్రం జర కాళ్లు చాపుకునే జాగ కావాలె కద.

కాబట్టి ఇది చదివేటోళ్లు తరుగు తీసి చదవాలె. తరుగంటే, రైతు తెచ్చిన బస్తాల్లో తేమ ఉంది, తాలు ఉంది అని తూకంలో కొంత కోసేస్తరు. ఆ కోతే తరుగు. నా మాటలకు అట్ల తరుగు తీసి వినేటోడు ఒకడుండె. తొర్రూరు దగ్గరి పత్తి, మక్కజొన్న రైతు, పేరు యాదగిరి. హనుమకొండ దవాఖానలో ఇద్దరం పక్కపక్క కుర్చీల్లో ఆరు కీమోలు ఎక్కించుకున్నం. ఒకటే జబ్బు, ఒకటే మందు, ఒకటే తీరు బోడిగుండ్లు. ఆఖరి కీమో కూడ ఇద్దరికీ ఒక్క రోజే అయింది.

ఇప్పుడు ఇది రాసెటందుకు నేనొక్కణ్నే ఉన్న. అందుకే రాస్తాన.

ఆగస్టు

మెడ పక్కన గోలికాయంత గడ్డ లేచింది. ఇంట్లో చెప్పినప్పుడు నిమ్మకాయంత అన్న. యార్డుకు పొయ్యేసరికి అది బత్తాయి అయింది. ఆదివారం చర్చిలో ప్రార్థన మనవి చెప్పుకునేటప్పటికి కొబ్బరికాయ అయింది. డాక్టరమ్మ మాత్రం కొలిచి మూడు సెంటీమీటర్లు అని రాసుకున్నది. ముక్క తీసి పరీక్షకు పంపింది. వారం తర్వాత పిలిచి లింఫోమా అన్నది. ఇంటికొచ్చి ఆ మాటను పెంచుదామని మస్తు సేపు చూసిన. అది పెరగలేదు. అప్పటికే నాకంటే పెద్దగున్నది.

కీమో వార్డు ముందర ఒక హాలు. గోడకు టీవీ, దాంట్లో బొమ్మే గని సప్పుడు రాదు. కూసున్నోళ్లందరు దానికేసి చూస్తరు, ఎవరూ చూడరు. ఎవరన్న దగ్గితే అందరి తలకాయలు ఒక్కసారే అటు తిరుగుతయి. నేను పోయిన మొదటి రోజు అట్లనే ఒక దగ్గు వినబడ్డది, నేనూ తిరిగి చూసిన. ఎందుకు చూసిన్నో అప్పుడు నాకు తెల్వదు.

పక్క కుర్చీలో తువ్వాల భుజాన వేసుకున్న మనిషి నన్ను కింది నుంచి పైదాక చూసి, "నువ్వు కేసముద్రం కాంట మీద కూసునేటోనివి గద!" అన్నడు.

"అవును."

"మా మక్కలకు తరుగు తీసినోనివి."

"తీసేది నేను గాదు. తూకం చెప్పుడే నా పని."

"ఎవలైతేంది. ఇంతకు నీకెక్కడ లేసింది?"

"మెడల. కొబ్బరికాయంత."

"తరుగు పోను?"

నాకు నవ్వొచ్చింది. వారం రోజుల్లో అదే మొదటి నవ్వు. "గోలికాయ," అన్న.

"అట్ల చెప్పు. నాకు చంకల. తరుగు పోను రేగుపండు. కూసో బావా."

గంట తిరిగేసరికి నేను ఆయనకు బావ, ఆయన నాకు బావ. ఆయన భార్య లచ్చమ్మ నాకు చెల్లె. ఆమె చేతిలో ఒక సంచి ఉండె, దాంట్లో మొగని చెప్పులు, మందులు, ఒక ఉల్లిగడ్డ. ఉల్లిగడ్డ ఎందుకు అంటే, "ఆయనకు వాంతొస్తే వాసన చూపిస్త అన్నా" అన్నది. నేనైతే ఆ ఉల్లిగడ్డ గుమ్మడికాయంత ఉన్నదని ఇంట్లో చెప్పిన.

సెప్టెంబరు, అక్టోబరు

మొదటి కీమో నాడే నర్సమ్మ ఒక కాగితం ఇచ్చింది. దాని మీద తెలుగులోనే పెద్ద పెద్ద అక్షరాలతో ఉండె. అన్నీ ఉడికించి వేడివేడిగ తినాలె. మాస్కు పెట్టుకోవాలె. కీమో అయిన వారం పది దినాలకు తెల్లకణాలు బాగ పడిపోతయి, అప్పుడు జనంలోకి పోవద్దు, జనం మీ దగ్గరికి రావద్దు. జ్వరమొస్తే గోలీ వేసుకొని పండుకోవద్దు, అదే గంటలో దవాఖానకు రావాలె.

సుగుణ ప్రైమరీ స్కూల్ టీచరు. ఆమెకు కాగితం మీద రాసి ఉంటే చాలు. అన్నీ ఉడికించుమన్నరు కాబట్టి అన్నీ ఉడికించింది. అరటిపండు ఉడికించింది. నా పండ్ల బ్రష్షు ఉడికించింది. ఆఖరికి పెరుగు ఉడికించింది.

సరిగ్గ ఆ టైముకే మా మరియక్క డోర్నకల్ నుంచి పాసింజరు బండి దిగి ఇంట్లకొచ్చింది. అక్క మొగడు రైల్వేలో గ్యాంగ్‌మ్యాన్‌గ చేసి ఆరేండ్ల కింద పోయిండు. అక్క ఒక్కతే ఉంటది, ఆమెకు తోడుగ ఒక పెరుగు గిన్నె. అది మా అమ్మ నాటి పెరుగు. అమ్మ రోజూ తోడేసి, అక్కకు అప్పజెప్పి పోయింది. అక్క ఒక్క రోజు ఆపలేదు. చుట్టుపక్కల ఆడోళ్లు జర తోడుకు ఇయ్యమంటే, "అయిపోయింది, ఇప్పుడే గిన్నె కడిగిన" అని గిన్నె కొంగు కింద దాస్తది. అబద్ధాలు చెప్పుడు మా ఇంట్లో నా ఒక్కని గుణం కాదు.

పొయ్యి మీద పెరుగు కుతకుత ఉడికి, నీళ్లొకదిక్కు, రబ్బరు ముద్దొకదిక్కు అయింది. అక్క గడపలోనే నిలబడ్డది.

"ఏం జేస్తానవే సుగుణా?"

"పురుగులు చావాలని కాస్తాన వదినా. డాక్టర్లు చెప్పిండ్లు."

"పెరుగును కాస్తరానే! అండ్ల ఉన్నదే పురుగులు! అవి సస్తే ఇగ పెరుగేంది?"

"అదే కద వదినా, మీ తమ్మునికి పురుగులు పడవట."

"మా అమ్మ పురుగులు వేరే!"

మా అమ్మను ఇంత గౌరవంగ ఎవరూ తలుచుకొని ఉండరు. నేను మాత్రం నవ్వుకుంట ఆ రబ్బరు ముద్ద తిన్న. నమిలితే చెప్పు అడుగు లెక్క సాగింది.

అక్క ఊకోలేదు. మూడో కీమో నాడు డాక్టరమ్మను దవాఖాన వరండాలోనే ఆపింది. "అమ్మా, తమ్మునికి ఒక్క చెంచ మా పెరుగు పెట్టొద్దా?"

డాక్టరమ్మది చిన్న వయసే గని ఓపిక పెద్దది. నిలబడి చెప్పింది. "చూడండమ్మా, మీరన్నదాంట్లో సగం నిజం ఉంది. మన కడుపులో మంచి బ్యాక్టీరియా కోట్ల కొద్దీ ఉంటాయి. జీర్ణానికే కాదు, ఊపిరితిత్తుల్లోకి వచ్చే జబ్బులతో ఎలా పోరాడాలో మన ఒంట్లోని రక్షణ కణాలకు నేర్పడంలో కూడా వాటి పాత్ర ఉందంటున్నారు. ఇంకా పరిశోధనలు జరుగుతున్నాయి. కీమోతో అవి చాలావరకు దెబ్బతింటాయి. యాంటీబయాటిక్స్ వాడితే ఇంకా తగ్గిపోతాయి. అందుకే కీమో అయ్యాక కూడా కొన్నాళ్లు దగ్గు, జలుబు దగ్గరికి రానివ్వొద్దు అంటాం."

"అదే గదమ్మా నేననేది. మంచి పురుగులు పోయినయంటె నేను పెడ్త."

"ఇప్పుడు కాదమ్మా. తెల్లకణాలు పడిపోయినప్పుడు బతికున్న బ్యాక్టీరియా ఏదైనా రక్తంలోకి పోవచ్చు. మంచిది కూడా అప్పుడు చెడ్డదే. పైగా పెరుగు మందు కాదు. కౌంట్ నిలబడ్డాక నేనే చెప్తాను, అప్పుడు పెట్టండి."

నాకు అర్థమైన తీరు చెప్త. యార్డు నడిపేది సెక్రటరీ కాదు, హమాలీలు. ఏ బండి ఎక్కడిది, ఏ బస్తాలో రాళ్లున్నయి, ఏ మనిషి దొంగ అన్నది చూడంగనే వాళ్లకు తెలుస్తది. గేటు కాడి వాచ్‌మన్‌కు కూడ వాళ్లే చెప్తరు. నా కడుపులో హమాలీలందరు గల్లంతయిండ్లు. గేటు బార్లా తెరిచి ఉంది. వాచ్‌మన్ ఉన్నడు గని వానికి చెప్పేటోడు లేడు. ఎవడొచ్చినా లోపలికే. ఇది మాత్రం పెంచి చెప్పలేదు.

తమ్మునికి పెట్టొద్దన్నరని అక్క చెయ్యి ఆగలేదు. ప్రతి కీమో నాడు క్యాను నిండ పెరుగన్నం కలుపుకొచ్చి, హాల్లో పేషెంట్ల వెంట వచ్చినోళ్లకు పంచేది. మాకు పెట్టదు, మా ముందర పంచుతది. యాదగిరి ఆ క్యానుకేసి చూసి, "బావా, మీ అక్క మనల్ని చంపెటందుకు జబ్బు చాలదనుకుంటాంది" అనేటోడు.

నాలుగో కీమో నాడు లచ్చమ్మ రెండు ముద్దలు తిని అడిగింది. "అక్కా, మాకు బర్రె ఉంది, పాలకు ఫికర్ లేదు. గని మా తోడు పాడయింది. పెరుగు బంక బంక సాగుతాంది. నీది జర ఇస్తవా?"

అక్క కొంగు కింద దాచుకుంటదని ఎదురుచూసిన. అక్క కొద్దిసేపు లచ్చమ్మ మొఖం చూసింది, ఆమె ఒడిలోని ఉల్లిగడ్డ చూసింది. చిన్న స్టీలు గిన్నెలో రెండు చెంచలు తీసి, మూత బిగించి ఇచ్చింది.

"ఒక్క రోజు మరిస్తివా, సస్తది. మనిషి పోయినా తోడేసుడు ఆపొద్దు. మా అమ్మ ఆపలేదు, నేను ఆపలేదు."

లచ్చమ్మ ఆ గిన్నెను ఉల్లిగడ్డ పక్కన పెట్టుకున్నది.

నవంబరు ఆఖరు

ఆరో కీమో అయింది. ఆఖరిది. ఈ ఆఖరిది అనే మాటే మమ్ముల ముంచింది.

మా చర్చి సంఘంలో ఒక ఆనవాయితీ ఉంది. దేవుడు ఏ మేలు చేసినా ఇంటి ముందర టెంటు వేసి, పాస్టరయ్యగారిని పిలిచి, సంఘం అందరితోని కృతజ్ఞత కూడిక పెట్టాలె. పాటలు, వాక్యం, అందరు తల మీద చేతులుంచి ప్రార్థన, తర్వాత భోజనం. ఆఖరి కీమో అయిందంటే జబ్బు అయిపోయినట్టే అని మేమందరం అనుకున్నం. సుగుణ అనుకున్నది, అయ్యగారు అనుకున్నడు, నేనైతే అందరికంటె ముందు అనుకున్న. కీమో అయిన తొమ్మిదో రోజు శనివారం పడ్డది. అదే ఖాయం చేసినం. వారం పది దినాలకు కణాలు పడిపోతయని ఆరుసార్లు విన్నోళ్లం. అయినా, ఆఖరి దానికి కూడ అట్లనే పడతయని ఎవ్వరికీ తట్టలేదు.

పిలవాల్సినోళ్ల పేర్లు రాయడానికి కాగితం వెతికితే చేతికి ఒకటి దొరికింది. వెనకదిక్కు ఖాళీగుంది. దాని మీద డెబ్బై మూడు పేర్లు రాసిన. మొదటి పేరు యాదగిరి. రాసి మడతపెట్టి జేబులో పెట్టుకున్న. ముందుదిక్కు తిప్పి చూడలేదు. అది నర్సమ్మ ఇచ్చిన కాగితం.

యాదగిరికి ఫోన్ చేసిన.

"వద్దు బావా. జనంల తిరగొద్దన్నరు గద."

"జనమెక్కడిది బావా? ఇంటోళ్లమే. పది మంది."

"పది మందా?" ఆయన నవ్విండు. "నీ తరుగు పోను అయిదుగురు. అయితే వస్త తియ్యి. లచ్చమ్మ కూడ వస్తది."

నా బతుకులో నేను లెక్క తగ్గించి చెప్పింది ఆ ఒక్కసారే. ఎందుకంటే ఆయన రావాలె. పక్కన ఆయన లేకపోతే నా బోడిగుండుకు జోడీ లేదు, నా కోతలకు అర్థం లేదు. డెబ్బై మూడు మందిని పది మంది చేసిన. ఆయన అలవాటు ప్రకారం ఆ పదిని ఐదు చేసుకున్నడు.

డిసెంబరు, మొదటి శనివారం

టెంటు వేసిండ్లు. క్రిస్మస్ నెల కాబట్టి నక్షత్రం కూడ కట్టిండ్లు. పొద్దున పదకొండుకు యాదగిరి, లచ్చమ్మ ఆటో దిగిండ్లు. ఆయన టెంటు చూసిండు, కుర్చీలు చూసిండు, బిర్యాని గుండిగలు చూసిండు. నా దిక్కు చూసి ఏదో అనబోయి నవ్విండు. వచ్చి పక్కన కూసున్నడు.

ఇద్దరికీ మాస్కులుండె. ఫోటోల కోసం ఒకసారి తీసినం. పాటకు ఒకసారి తీసినం. ఆ తర్వాత అవి గదవ కిందనే ఉండిపోయినయి. అయ్యగారు ప్రార్థనకు పిలిచిండు. అందరు వచ్చి మా ఇద్దరి తలల మీద, భుజాల మీద చేతులు పెట్టిండ్లు. చేతులు చాలనోళ్లు ముందరోళ్ల భుజం మీద చెయ్యి పెట్టిండ్లు. అంత ప్రేమ ఒక్కసారే మీద పడితే ఎట్లుంటదో నేను చెప్పలేను. వెచ్చగ ఉంది. అందరి ఊపిరి నా నెత్తి మీద తగులుతాంది.

అప్పుడు వెనుక నుంచి ఎవరో దగ్గిండ్లు. రెండుసార్లు. తడి దగ్గు.

నేను తల ఎత్తుదామంటే దాని మీద చేతులున్నయి. పక్కన యాదగిరి ఒళ్లు ఒక్కసారి బిగుసుకున్నట్టు తెలిసింది. ఆరు కీమోలు ఆ హాల్లో కూసున్నోళ్లం, మాకు తెల్వదా. కళ్లు మూసుకునే ఆయన చెయ్యి నా మోకాలు మీదికొచ్చింది. "ఆమేన్" అన్నరు అందరు.

ఆ దగ్గు ఎవరిదో ఇప్పటికీ ఎవరూ చెప్పలేదు. నేను అడగలేదు.

డిసెంబరు, తర్వాత

మూడో రోజు పొద్దున చలి పుట్టింది. మా ఇంట్లో మంచు పడిందని నేను మొదలుపెడ్తే సుగుణ వినలేదు. థర్మామీటరు పెట్టి చూసి, చెప్పులు కూడ వేసుకోకుండ ఆటో కోసం రోడ్డు మీదికి ఉరికింది. "గోలీ వేసుకుంట, మాపటికి చూద్దాం" అన్న. "నోరు మూసుకొని ఎక్కుండ్రి" అన్నది. ఇరవై ఏడేండ్లలో మొదటిసారి మూసుకున్న.

ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి అడుగు భాగం తెల్లగ ఉండె, న్యుమోనియా అన్నరు. తెల్లకణాలు ఎన్ని ఉన్నయని అడిగితే డాక్టరమ్మ, "ఇంట్లో ఎవరికైనా దగ్గు ఉందా? ఎవరైనా కలిశారా?" అన్నది. సుగుణ ఫైలు తీయబోతే, నా జేబులో దొరికితే ఆమె దాంట్లో పెట్టిన మడత కాగితం జారి పడ్డది. డాక్టరమ్మ తీసి చూసింది. జనంలోకి పోవద్దు, జనం మీ దగ్గరికి రావద్దు. వెనక్కి తిప్పింది. మెల్లగ కిందిదాక చదివింది. మళ్లీ ముందుకు తిప్పింది. ఆ రోజు ఆమె తిట్టి ఉంటే నాకు జర ధైర్యం వచ్చేది.

"మొదటి పేరు యాదగిరి. మన యాదగిరిగారేనా?" అన్నది.

"అవునమ్మా."

ఆమె కాగితం నర్సుకిచ్చి, "వెంటనే ఆయనకు ఫోన్ చెయ్యండి" అన్నది.

అద్దాల గదిలో పందొమ్మిది రోజులున్న. ఆ గది మా యార్డు షెడ్డంత ఉండె అని చెప్పాలని ఉంది. కాదు, మంచం పట్టేంత. ముక్కుకు ఆక్సిజన్. రోజుకు ఆరేడుసార్లు సీసాలు మార్చేటోళ్లు. "ఈ యాంటీబయాటిక్స్‌తో కడుపులో మిగిలిన మంచివి కూడా పోతాయి, తప్పదు" అన్నది డాక్టరమ్మ. ఉన్న నలుగురు హమాలీలు కూడ గేటు దాటి పోతాండ్లన్నమాట. గాలి పీలిస్తే సగందాకనే వచ్చేది, మిగిలిన సగం ఎవరో తరుగు తీసుకున్నట్టు. ఆ మాట యాదగిరికి చెప్పాలనిపించింది. ఫోన్ చేసిన. మోగింది, ఎత్తలేదు. మాట రికార్డు చేసి వాట్సాప్‌లో పంపిన. "బావా, నాకు గాలి తరుగు తీస్తాండ్లు, నీ సంగతేంది?" అని. రెండు గీతలు పడ్డయి. నీలం కాలేదు.

"యాదగిరి ఎట్లున్నడు?" అని సుగుణను అడిగిన.

"బాగనే ఉన్నడట. ఊర్ల సిగ్నల్ లేదట."

ఆమె చూపు కిటికీ దిక్కుంది. తెలిసినా నేను మళ్లీ అడగలేదు. అడిగితే చెప్తదేమో అని భయం. రోజూ ఒక మాట రికార్డు చేసి పంపుడు మాత్రం ఆపలేదు.

నా దగ్గర ఉన్నది మరియక్క. ఫోన్ పోంగనే తలుపుకు తాళమేసి, కరెంటు మెయిన్ బందు చేసి, కట్టుబట్టలతో వచ్చింది. మాస్కు మీద మాస్కు పెట్టుకొని, అద్దం అవతల స్టూలు మీద పందొమ్మిది రోజులు కూసున్నది. నాకు దగ్గొచ్చినప్పుడల్లా అద్దం మీద అరచెయ్యి పెట్టేది. అట్ల పెట్టిపెట్టి ఆ అద్దం మీద ఆమె చెయ్యి అచ్చు పడ్డది. రోజూ తుడిచే మనిషి ఆ ఒక్క జాగ తుడువకుండ వదిలేసేది. ఆమె పేరు కూడ నాకు తెల్వదు.

జనవరి

ఇంటికి పంపిండ్లు. పదిహేను దినాల తర్వాత చూపించుకోను పోయినం. హాల్లో నా పక్క కుర్చీలో ఎవరో కొత్త మనిషి. నర్సమ్మ నా ఫైలు కోసం వెతుకుతూ, "మీదీ యాదగిరిగారిదీ ఎప్పుడూ ఒకటే రబ్బరుకు కట్టి పెట్టేదాన్ని, ఆయనది తీసేసినం కద, అందుకే దొరుకుతలేదు" అన్నది. అని, నా మొఖం చూసి ఆగిపోయింది.

ఆటోలో సుగుణ చెప్పింది. ఆయనకు కూడ మూడో రోజే జ్వరం. దవాఖాన నుంచి ఫోన్ పోయేసరికి బర్రెను కట్టేసి వస్త అన్నడట, గోలీ వేసుకున్న, తగ్గింది, రేపు పొద్దున బస్సుకు వస్త అన్నడట. పొద్దుటికి ఊపిరి ఆడలేదు. వరంగల్ దాక తెచ్చిండ్లు. మూడు దినాలే ఉన్నడు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తే మీరు బతుకుదురా?"

వారం రోజులు ఆమెతో మాట్లాడలేదు. మా ఇల్లు అంత నిశ్శబ్దంగ ఎన్నడూ లేదు. మనుషులు వచ్చి కిటికీలోంచి చూసి, ఈయన నిజంగనే పోయిండా ఏంది అనుకుంట పోయిండ్లు. ఇది కొంచెం పెంచిన.

డాక్టరమ్మను ఒక్కటే అడిగిన. "ఆ దగ్గేనా అమ్మా?"

"చెప్పలేం. బస్సులో అయి ఉండొచ్చు, ఆటోలో అయి ఉండొచ్చు, మీ ఇంట్లో అయి ఉండొచ్చు," అన్నది. నా ఫైలు మూసి, "కౌంట్ నిలబడింది. ఇక పెరుగు తినొచ్చు. ఆ మంచి బ్యాక్టీరియా మళ్లీ కుదురుకోవడానికి నెలలు పట్టొచ్చు. ఈలోపు మళ్లీ న్యుమోనియా వస్తే ఈసారిలా తేలిగ్గా ఉండదు" అన్నది.

ఇది తేలికట.

అక్క సంబురంగ డోర్నకల్ పోయింది. మర్నాడు ఫోన్ చేసి ఏడ్చింది. పందొమ్మిది రోజుల దవాఖాన, ఆ తర్వాత మా ఇంట్లో ఇన్ని దినాలు, కరెంటు లేని ఫ్రిజ్. గిన్నె మూత తీస్తే నల్లగ బూజు. అమ్మ పెరుగు పోయింది. చుట్టుపక్కల ఎన్నడూ ఎవ్వరికీ ఇయ్యలేదు కాబట్టి అడిగి తెచ్చుకునే ఇల్లు కూడ అక్కడ లేదు. సుగుణ ఉడికించి మా ఇంట్లోది ఎన్నడో చంపింది.

ఫిబ్రవరి

ఒకనాడు పగలు గేటు సప్పుడైంది. చూస్తే లచ్చమ్మ. మాస్కు పెట్టుకొని గేటు అవతలనే నిలబడ్డది. చేతిలో అదే సంచి.

"లోపలికి రా చెల్లె."

"రాను అన్నా. బస్సుల వచ్చిన, ఎవలెవలో ఉండిరి. నీకు మంచిది కాదు." గోడ మీద ఒక గిన్నె పెట్టి నాలుగడుగులు వెనక్కి జరిగింది. "అక్క ఫోన్ చేసి ఏడ్సింది. ఇది ఆమె ఇచ్చిన తోడే. తినేటాయన లేడు గని రోజూ ఏస్తాన. మనిషి పోయినా ఆపొద్దన్నది గద."

స్టీలు గిన్నె. మూత మీద చెమట.

ఎన్ని కోతలు కోసిన నోరు ఇది. ఒక్క నిజం రావడానికి గోడ పట్టుకొని నిలబడాల్సి వచ్చింది. "చెల్లె, నేను ఆయనకు పది మంది అని చెప్పిన. డెబ్బై మూడు మందిని పిలిచిన."

ఆమె మాస్కు సర్దుకున్నది.

"ఆయనకు తెల్సు అన్నా. ఆటో దిగంగనే టెంటు జూసి, 'మా బావ ఈపాలి ఉల్టా కోసిండే' అన్నడు. నేను ఎనకకు పోదామన్న. 'బావ పిల్సిండు, మొఖం జూపించి పోకపోతే ఏం బాగుంటది' అన్నడు." కొంగుతోని కళ్లు ఒత్తుకున్నది. "నీ మాటలు ఫోన్ల ఉన్నయి. నాకు ఎట్ల వినాల్నో తెల్వదు. అట్లనే ఉన్నయి."

పాలు గోరువెచ్చగ ఉండంగనే తోడెయ్యమని చెప్పి, బస్సుకు టైమవుతాందని పోయింది.

సుగుణ ఆ గిన్నెను ఉడికించలేదు. రెండు చెంచలు అక్కకు డోర్నకల్ పంపించి, మిగిలిన దాంతో పాలు తోడేసింది. మర్నాడు పొద్దున నా ముందర పెట్టింది. గట్టిగ తోడుకున్నది, పైన మీగడ. ఒక చెంచ తిన్న. పుల్లగ ఉంది. మా అమ్మ పెరుగు, మా అక్క పెరుగు, యాదగిరి బర్రె పాల మీద నాలుగు నెలలు బతికిన పెరుగు. లోపల ఎన్ని కోట్ల జీవులున్నయో, అవి నా కడుపులో నిలబడతయో లేదో, నిలబడి ఆ గేటు కాస్తయో లేదో డాక్టరమ్మకే తెల్వదు. గల్లీలో ఎవరో దగ్గిండ్లు. చెంచ చేతిలోనే ఆగింది. ఇప్పటికీ ఆగుతది.

ఆఖరి కీమో అయినోళ్లకు, వాళ్ల ఇంటోళ్లకు ఒక్క మాట చెప్పి ఆపేస్త. టెంటు ఎప్పుడైన వేసుకోవచ్చు, దేవుడు తొందరపెట్టడు. పిలిచేముందు ఆ కాగితాన్ని రెండు దిక్కులా చదువుండ్రి. పక్క కుర్చీ మనిషి ఎంతమంది వస్తరని అడిగితే, ఉన్న లెక్క చెప్పుండ్రి.

డెబ్బై మూడు మంది, బావా. తరుగు పోను డెబ్బై మూడు.